ముబారక్ ఉంటేనే బాగుండేదా?

ప్రపంచంలో ఎక్కడ నియంత కూలినా మన ఐటీ జనాల దగ్గర రెండు డైలాగులు రెడీగా ఉంటాయి. మొదటి వారం: "చూశావా, అంతా ఫేస్‌బుక్ మహిమ!" రెండేళ్ళ తర్వాత: "చూశావా, ఆ ముసలాయన ఉంటేనే నయం." విచిత్రమేంటంటే రెండూ ఒకే నోటి నుంచి వస్తాయి. 2024 ఆగస్టులో షేక్ హసీనా ఢాకా నుంచి హెలికాప్టరెక్కినప్పుడూ ఇదే సినిమా. 2025 సెప్టెంబరులో ఖాట్మండులో ఓలీ రాజీనామా చేసినప్పుడూ ఇదే సినిమా (ఓలీ నియంత కాదు, ఎన్నికైన ప్రధాని. మనవాళ్ళకి అలాంటి తేడాలు పట్టవు). వాదన ముదిరితే చివర్లో తీసే బ్రహ్మాస్త్రం కూడా ఒకటే: "ఈజిప్టు ఏమైందో చూళ్ళేదా?"

2011లో నేనింకా హైస్కూల్లో ఉన్నాను. కానీ ఆ తర్వాత కూర్చుని చదివాను. అందుకే అడుగుతున్నా: బాబూ, మీరు చూశారా? ఈజిప్టు పేరు చెప్పి "జనానికి ప్రజాస్వామ్యం పడదు, గట్టి మనిషి కావాలి" అనేవాళ్ళలో ఒక్కడు కూడా 2011 ఫిబ్రవరి 11 తర్వాత ఆ దేశం ఎవరి చేతుల్లో ఉందో సరిగ్గా చెప్పగా నేను వినలేదు. ఈ టపా వాళ్ళ కోసమే. కొంచెం పెద్దది, ఓపిక పట్టండి.

ముందు ఆ ముసలాయన గురించి.

హోస్నీ ముబారక్ వాయుసేన అధికారి. 1981 అక్టోబరు 6న సైనిక కవాతులో అన్వర్ సాదత్‌ని సొంత సైనికులే కాల్చి చంపితే, ఉపాధ్యక్షుడిగా ఉన్న ఈయన గద్దెనెక్కాడు. అప్పుడు పెట్టిన ఎమర్జెన్సీ చట్టం ఆయన దిగేదాకా ఒక్కరోజు కూడా ఎత్తెయ్యలేదు. 2012 మే నెలాఖరుకి గానీ దానికి కాలం చెల్లలేదు. అంటే 1981లో పుట్టిన పిల్లాడు ముప్పయ్యేళ్ళవాడై, పెళ్ళి చేసుకుని, పిల్లల్ని కనేదాకా పోలీసులు కారణం చెప్పకుండా ఎవర్నైనా లోపలెయ్యగలిగే చట్టం కిందే బతికాడు. ఎన్నికలా? 1987, 1993, 1999ల్లో ఆయనొక్కడే అభ్యర్థి, జనం అవుననో కాదనో చెప్పాలి. 2005లో మొదటిసారి ఇతరుల్ని పోటీ చెయ్యనిచ్చి 88 శాతం పైగా తెచ్చుకున్నాడు. రెండో స్థానంలో వచ్చిన అయ్‌మన్ నూర్‌ని ఆ ఏడాది చివరికల్లా ఫోర్జరీ కేసులో ఐదేళ్ళు జైలుకి పంపారు.

ఇప్పుడు మన జనాలకి నచ్చే పాయింటు. 2004లో ముబారక్ ప్రధానిగా పెట్టుకున్న అహ్మద్ నజీఫ్ ఎవరనుకున్నారు? కంప్యూటర్ ఇంజనీరు. కెనడాలో మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్. అంతకుముందు ఐటీ మంత్రి. కైరో శివార్లలో అద్దాల భవనాలతో స్మార్ట్ విలేజ్ అని ఐటీ పార్కు, అచ్చం మన హైటెక్ సిటీ లెక్కన. 2007, 2008ల్లో వృద్ధిరేటు 7 శాతం. ప్రపంచ బ్యాంకు సంస్కరణల మెడల్. "చదువుకున్నవాళ్ళ చేతికి పగ్గాలిస్తే దేశం బాగుపడుతుంది" అని మనం క్యాంటీన్లో కనే కల మొత్తం అక్కడ ఆరేడేళ్ళు నడిచింది. మరి ఆ కల మీద జనం ఎందుకు తిరగబడ్డారు?

వాదన 1: "ఫేస్‌బుక్కే ముబారక్‌ని దించింది"

దీన్ని నమ్మడం మనకి సుఖం. మన జాతి వాడెవడో కీబోర్డు ముందు కూర్చుని నియంతని దించాడంటే మన ఉద్యోగానికీ కొంచెం వీరత్వం అంటుకుంటుంది కదా.

నిజమే, ఫేస్‌బుక్ పాత్ర ఉంది. 2010 జూన్‌లో అలెగ్జాండ్రియాలో ఖాలిద్ సయీద్ అనే కుర్రాణ్ణి పోలీసులు కొట్టి చంపారు. "మేమంతా ఖాలిద్ సయీద్‌లమే" అన్న పేజీ పెట్టింది గూగుల్‌లో పనిచేసే వాయెల్ ఘోనిమ్. జనవరి 25న, అదీ పోలీసు దినోత్సవం రోజునే, రోడ్డెక్కుదాం అని పిలుపిచ్చినవాటిలో ఆ పేజీ ఒకటి. ఇంతవరకూ ఒప్పుకుంటా.

కానీ కథ 2011లో మొదలవలేదు. నైలు డెల్టాలో మహల్లా అల్ కుబ్రా అని ఒక మిల్లుల ఊరుంది. మన సిరిసిల్లకి ఎన్నో రెట్లు అనుకోండి. ఒక్క ప్రభుత్వ బట్టలమిల్లులోనే ఇరవై వేలకి పైగా కార్మికులు. పైన చెప్పిన కంప్యూటర్ ఇంజనీరు ప్రధానిగారు 2006లో రెండు నెలల జీతం బోనస్ అని ఉత్తర్వు ఇచ్చారు. డిసెంబరులో చూస్తే చేతిలో పెట్టింది పాత వంద పౌన్లే. ముందు ఆడవాళ్ళు మగ్గాలు ఆపేసి బయటికొచ్చి, "మగాళ్ళెక్కడ?" అని కేకేశారు. ఆ సమ్మె గెలిచింది. దాన్ని చూసి దేశమంతా వరసగా సమ్మెలు. 2008 ఏప్రిల్ 6న అదే ఊళ్ళో సమ్మె జరక్కుండా పోలీసులు మిల్లుని ఆక్రమిస్తే ఊరే తిరగబడింది, నడివీధిలో ముబారక్ బొమ్మని కిందకి లాగి తొక్కారు. ఆ సమ్మెకి మద్దతుగా కైరో కుర్రాళ్ళు పెట్టిన ఫేస్‌బుక్ గుంపే తర్వాత "ఏప్రిల్ 6 యువజన ఉద్యమం" అయింది. అంటే ఫేస్‌బుక్ గుంపు సమ్మెని పుట్టించలేదు. సమ్మే ఫేస్‌బుక్ గుంపుని పుట్టించింది.

ఇంకో లెక్క చూడండి. అప్పట్లో ఈజిప్టు జనాభా ఎనిమిది కోట్ల పైచిలుకు. ఫేస్‌బుక్ ఖాతాలున్నవాళ్ళు అందులో పదో వంతు కన్నా తక్కువ. 2011 జనవరి 27 అర్ధరాత్రి దాటాక, అంటే 28 తెల్లవారితే శుక్రవారం పెద్ద ప్రదర్శన ఉందనగా, ప్రభుత్వం దేశం మొత్తానికి ఇంటర్నెట్ పీకేసింది. నెట్‌వర్క్ పని చేసేవాళ్ళకి అర్థమయ్యేట్టు చెప్పాలంటే, ఓ అరగంటలోపు దాదాపు 3,500 బీజీపీ రూట్లు ప్రపంచ పటం మీంచి మాయం. పొద్దున్నే మొబైల్ ఫోన్లు కూడా బంద్. ఫేస్‌బుక్కే నడిపిస్తున్న విప్లవమైతే ఆ రోజు చచ్చిపోవాలి కదా? ఆ రోజే అప్పటిదాకా అన్నిటికంటే ఎక్కువ జనం వచ్చారు. శుక్రవారం నమాజు ముగించుకుని మసీదుల ముందునుంచే బయల్దేరారు. ఫోను పనిచెయ్యక పిల్లల కోసం వెతుక్కుంటూ వీధిలోకొచ్చినవాళ్ళూ గుంపులో కలిశారు. సాయంత్రానికి పోలీసులు పరార్, పాలక పార్టీ ఆఫీసు తగలబడింది, వీధుల్లోకి ట్యాంకులొచ్చాయి. నెట్ మళ్ళీ వచ్చింది ఫిబ్రవరి 2న.

ఆ పద్దెనిమిది రోజుల్లో చనిపోయినవాళ్ళు ప్రభుత్వ విచారణ సంఘం లెక్కే కనీసం 846 మంది. లైకు కొట్టి ఎవరూ చావలేదు. ఇక చివరి నాలుగు రోజులు చూడండి. సూయజ్ కాలువ అనుబంధ కంపెనీల కార్మికులు, బట్టలమిల్లులు, బస్సులు, రైల్వేలు, టెలికాం, వరసబెట్టి సమ్మెలోకి దిగాయి. ఫిబ్రవరి 10 రాత్రి టీవీలో "దిగను" అన్న మనిషి 11 సాయంత్రానికి దిగిపోయాడు. మధ్యలో ఏ యాప్ అప్‌డేట్ రాలేదండీ.

స్విచ్చి నొక్కిందెవరు?

ఫేస్‌బుక్ కథ చెప్పుకుని మురిసిపోయేవాళ్ళు ఎప్పుడూ ఎత్తని ప్రశ్న ఇది. రూట్లు వాటంతటవే మాయం కావు. ఎవడో ఒక ఇంజనీరు లాగిన్ అయ్యి కమాండు కొట్టాలి. ఐదారు కంపెనీల్లో ఐదారుగురు నైట్ షిఫ్టు కుర్రాళ్ళు. బహుశా నా వయసే. లైసెన్సు నిబంధనల ప్రకారం ప్రభుత్వం చెబితే ఆపాల్సిందేనని వోడాఫోన్ ప్రకటన ఇచ్చింది. ఆ తర్వాత ప్రభుత్వం తమ నెట్‌వర్క్ మీంచి ముబారక్‌కి అనుకూలంగా ఎస్సెమ్మెస్‌లు పంపించిందని కూడా అదే కంపెనీ ఒప్పుకుంది.

కాబట్టి లెక్క సరిచూసుకుంటే, 2011లో మన వృత్తి రెండు వైపులా ఉంది. ఘోనిమ్ ఒక్కడు అటు. కమాండ్ కొట్టినవాళ్ళు, ఫోన్లు వినే సాఫ్ట్‌వేర్ పెట్టినవాళ్ళు, "పైనుంచి టికెట్ వచ్చింది, క్లోజ్ చేశా" అన్నవాళ్ళు ఇటు. ఇదేదో అరబ్బుల గోల అనుకోకండి. 2019 ఆగస్టులో కశ్మీర్లో నెట్ ఆపితే 4జీ పూర్తిగా తిరిగొచ్చింది 2021 ఫిబ్రవరిలో. అక్కడా ఎవడో మనలాంటివాడే కమాండ్ కొట్టాడు. గుండెల మీద చెయ్యేసుకుని చెప్పండి, మీ మేనేజర్ ఆ టికెట్ మీకు అసైన్ చేస్తే ఏం చేస్తారు?

ఇల్లు ఖాళీ అయింది, ఓనరు మారలేదు

ఫిబ్రవరి 11న ఉపాధ్యక్షుడు ఒమర్ సులేమాన్ టీవీలో చెప్పిందేంటంటే, ముబారక్ తప్పుకున్నారు, దేశ పాలన సాయుధ దళాల సుప్రీం కౌన్సిల్‌కి అప్పగించారు. అప్పగించింది జనానికి కాదు, పార్లమెంటుకి కాదు. సైన్యానికి. తహ్రీర్ చౌక్‌లో జనం ట్యాంకులెక్కి సైనికుల్ని ముద్దులు పెట్టుకున్నారు. పాపం, అద్దెకున్నవాణ్ణి ఖాళీ చేయించి ఇల్లు మనదైపోయిందనుకున్నారు. ఇల్లు 1952 నుంచీ సైన్యానిదే. నాసర్, సాదత్, ముబారక్ ముగ్గురూ యూనిఫాం విప్పి వచ్చి అద్దెకున్నవాళ్ళే.

ఈజిప్టు సైన్యం అంటే సరిహద్దులో తుపాకీ పట్టుకున్నది మాత్రమే అనుకునేరు. సిమెంటు ఫ్యాక్టరీలు, సేమియా ఫ్యాక్టరీలు, నీళ్ళ సీసాలు, పెట్రోలు బంకులు, ఫ్రిజ్‌లు, రోడ్ల కాంట్రాక్టులు. కూలీలు కావాలంటే నిర్బంధ సైనిక సేవలో ఉన్న కుర్రాళ్ళున్నారు. పద్దు పార్లమెంటులో విప్పి చూపించే పనిలేదు. దీనికి తోడు ఇజ్రాయెల్‌తో 1979 శాంతి ఒప్పందం తర్వాత అమెరికా నుంచి ఏటేటా 130 కోట్ల డాలర్ల సైనిక సాయం. ఇలాంటి వ్యాపారాన్ని ముబారక్ కొడుకు గమాల్ తన బిజినెస్ స్నేహితులతో కలిసి ఎక్కడ పంచుకుపోతాడో అని జనరళ్ళకి ముందే గుబులు. జనం వచ్చి ఆ కొడుకు అడ్డు తొలగించారు. జనరళ్ళు దణ్ణం పెట్టి తీసుకున్నారు.

తర్వాతి పదహారు నెలలు పాలించింది వాళ్ళే. మొదటి ఏడు నెలల్లోనే పన్నెండు వేల మంది మామూలు పౌరుల్ని సైనిక కోర్టుల ముందు నిలబెట్టారు. ముబారక్ ముప్పయ్యేళ్ళలో సైనిక కోర్టుల్లో నిలబెట్టిన పౌరుల కంటే ఇది ఎక్కువని మానవహక్కుల సంఘాలు లెక్కగట్టాయి. 2011 అక్టోబరు 9న మాస్పెరో దగ్గర కోప్టిక్ క్రైస్తవుల ఊరేగింపు మీదకి సైనిక వాహనాలు ఎక్కించారు. "విప్లవం తర్వాత వచ్చిన అరాచకం" అని మనవాళ్ళు అనేదాంట్లో చాలా భాగం ఇదే. అది విప్లవం చేసిన పని కాదు మహానుభావా, విప్లవం దించలేకపోయినవాళ్ళు చేసిన పని.

వాదన 2: "ఓటిస్తే ఎవర్ని గెలిపించారో చూశాంగా"

ముస్లిం బ్రదర్‌హుడ్ గెలిచింది, కాబట్టి ఆ జనానికి ఓటు దండగ. ఇదీ వాదన. దీనికి లెక్కలతో జవాబిస్తా.

2012 మేలో అధ్యక్ష ఎన్నికల మొదటి రౌండు: బ్రదర్‌హుడ్ అభ్యర్థి ముర్సీకి 24.8 శాతం. ముబారక్ చివరి ప్రధాని షఫీక్‌కి 23.7. మిగిలిన సగానికి పైగా ఓట్లు ఈ ఇద్దరికీ కాదు. వామపక్షపు సబ్బాహీకి 20.7, బ్రదర్‌హుడ్ నుంచి బయటికొచ్చిన అబుల్ ఫుతూహ్‌కి 17.5. అంటే ఈజిప్టు జనంలో ఎక్కువమంది "గడ్డమూ వద్దు, బూటూ వద్దు" అనే వేశారు. ఆ ఓట్లు చీలిపోయాయి. రెండో రౌండులో ఆ రెండే మిగిలితే 51.7 శాతంతో ముర్సీ గట్టెక్కాడు. ఇది జనం మూర్ఖత్వమా, ఓట్ల చీలికా? ఈ సంగతి వైఎస్సార్, చంద్రబాబు, చిరంజీవి మధ్య 2009 ఎన్నికలు చూసిన మనకి కొత్తగా చెప్పాలా?

ఆ రెండే ఎందుకు మిగిలాయంటే, ముప్పయ్యేళ్ళు ముబారక్ మిగతా చెట్లన్నీ నరికేశాడు గనక. పార్టీలు, సంఘాలు, పత్రికలు ఏదీ ఎదగనివ్వలేదు. మసీదులు మూయించలేడు గనక బ్రదర్‌హుడ్ అక్కడ బతికింది, ఆస్పత్రులు పెట్టి, బీదవాళ్ళకి బియ్యం పప్పులు పంచి పాతుకుపోయింది. "నేను పోతే వాళ్ళొస్తారు" అని అమెరికాని బెదిరించడానికి ఆయనకీ వాళ్ళు కావాలి. 2005లో వాళ్ళకి 88 సీట్లు రానిచ్చి, 2010లో మొదటి రౌండులో ఒక్కటీ రాకుండా చేశాడు. మన భాషలో చెప్తా. ఒక సీనియర్ ముప్పయ్యేళ్ళు ఒకే ప్రాజెక్టులో కూర్చుని, డాక్యుమెంట్లు తగలేసి, నేర్చుకోబోయిన ప్రతి జూనియర్నీ తరిమేశాడు. ఆయన వెళ్ళిన మర్నాడు సర్వర్ కూలింది. మీరు ఆయన్ని తిరిగి పిలవమంటున్నారు. ఆయన వల్లే కూలిందండీ!

అలాగని ముర్సీని నెత్తిన పెట్టుకోను. అధ్యక్ష పదవికి పోటీ చెయ్యం అని 2011లో చెప్పి 2012లో మాట తప్పిన పార్టీ ఆయనది. 2012 నవంబరు 22న తన ఉత్తర్వుల్ని ఏ కోర్టూ ప్రశ్నించకూడదని ప్రకటన చేసుకున్నాడు. అంతకన్నా పెద్ద తప్పు, సైన్యంతో లాలూచీ. తంతావీని తీసేసి రక్షణ మంత్రిగా తనే ఏరికోరి తెచ్చుకున్నాడు ఒక జనరల్‌ని. పేరు అబ్దెల్ ఫత్తాహ్ అల్ సీసీ. 2012 రాజ్యాంగంలో సైన్యం బడ్జెట్టు ఎవరూ అడగని మూలలో దాచి, పౌరుల్ని సైనిక కోర్టులకి ఈడ్చే వీలు అలాగే ఉంచాడు. పులికి పాలు పోసి పెంచినట్టే.

ఇక ఉదారవాదులు, మనలాంటి చదువుకున్నవాళ్ళు. వీళ్ళ పాపం చిన్నదా? 2013 జూన్ 30న ముర్సీ దిగిపోవాలని లక్షల మంది వీధుల్లోకొచ్చారు. న్యాయమైన కోపమే. కానీ ఇంకో మూడేళ్ళు ఆగి ఓటుతో దించే ఓపిక లేక, సైన్యం హెలికాప్టర్ల నుంచి జెండాలు జారవిడుస్తుంటే చప్పట్లు కొట్టారు. జులై 3న సీసీ ముర్సీని తొలగిస్తున్నట్టు ప్రకటించినప్పుడు పక్కన కూర్చున్నవాళ్ళలో నోబెల్ శాంతి బహుమతి గ్రహీత ఎల్ బరాదీ కూడా ఉన్నాడు. ఆగస్టు 14న రబా చౌక్‌లో ముర్సీ మద్దతుదారుల శిబిరాన్ని ఖాళీ చేయించారు. హ్యూమన్ రైట్స్ వాచ్ లెక్క ప్రకారం ఒక్కరోజులో కనీసం 817 మంది చనిపోయారు. ఎల్ బరాదీ ఆ రోజే ఉపాధ్యక్ష పదవికి రాజీనామా చేశాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. "చచ్చింది గడ్డాలవాళ్ళేగా" అనుకుని ఊరుకున్నవాళ్ళ వంతు మూడు నెలల్లో వచ్చింది. నవంబరులో ప్రదర్శనల్ని నిషేధించే చట్టం తెచ్చి ఏప్రిల్ 6 ఉద్యమ నాయకుడు అహ్మద్ మాహెర్‌ని మూడేళ్ళు లోపలేశారు.

మనవాడు ఒకడు

ఆలా అబ్దెల్ ఫత్తాహ్ అని ఒకడున్నాడు. 1981లో, అంటే ముబారక్ గద్దెనెక్కిన ఏడే పుట్టాడు. సాఫ్ట్‌వేర్ డెవలపర్. ఓపెన్ సోర్స్ పిచ్చి. 2000ల్లో మనం కూడళ్ళూ జల్లెడలూ కట్టుకుని తెలుగు బ్లాగుల్ని ఒకచోట చేర్చుకుంటున్న రోజుల్లోనే, ఆలా తన భార్య మనాల్‌తో కలిసి ఈజిప్టు బ్లాగులన్నిటికీ ఒక సంకలిని కట్టాడు. మనం కవితలకీ వంటలకీ వాడుకున్నాం. అక్కడ పోలీసు స్టేషన్లలో చిత్రహింసల గురించి రాసుకున్నారు.

2006లో ముబారక్ జైల్లో పెట్టాడు. 2011లో సైనిక కౌన్సిల్ పెట్టింది. కొడుకు పుట్టినప్పుడు ఆలా జైల్లోనే ఉన్నాడు, ఆ పిల్లాడికి ఖాలిద్ అని పేరు పెట్టుకున్నారు. ముర్సీ కాలంలో కేసు. 2013 నవంబరులో మళ్ళీ అరెస్టు, ఆపైన ఐదేళ్ళ శిక్ష. తండ్రి మానవహక్కుల లాయరు, 2014లో చనిపోయేనాటికి కొడుకు లోపలున్నాడు. 2019 మార్చిలో వదిలారు, సెప్టెంబరులో మళ్ళీ పట్టుకున్నారు. 2021లో ఇంకో ఐదేళ్ళు. నేరం? ఫేస్‌బుక్‌లో ఒక పోస్టు షేర్ చెయ్యడం. గణితం ప్రొఫెసరైన తల్లి కొడుకు కోసం నెలల తరబడి నిరాహార దీక్ష చేసి చావు అంచుదాకా వెళ్ళింది. 2025 సెప్టెంబరులో సీసీ క్షమాభిక్షతో బయటికొచ్చాడు. బ్లాగు మొదలెట్టినప్పుడు ఇరవైల్లో ఉన్నవాడు బయటికొచ్చేసరికి నలభై నాలుగో ఏట నడుస్తున్నాడు.

"గట్టి మనిషి కావాలి" అని అనేముందు ఒక్కసారి ఇతన్ని తల్చుకోండి. డిక్టేటర్ని కోరుకునే ప్రతివాడూ తను డిక్టేటర్ పక్కన కుర్చీలో ఉన్నట్టే ఊహించుకుంటాడు. ఆలా ఉన్న గదిలో ఉన్నట్టు ఒక్కడూ ఊహించుకోడు.

వాదన 3: "ఏమైతేనేం, ఇప్పుడు ప్రశాంతంగా ఉందిగా"

ఎవరికి ప్రశాంతం? 2014లో సీసీకి 97 శాతం ఓట్లు. 2018లోనూ 97. రెండోసారి పోటీకి దిగిన మాజీ సైన్యాధ్యక్షుడు సామీ అనాన్‌ని అరెస్టు చేశారు. చివరికి మిగిలిన ఒకే ఒక్క ప్రత్యర్థి, అంతకుముందు సీసీకి మద్దతు పలికినవాడే! ఆ ప్రత్యర్థికి వచ్చిన ఓట్ల కన్నా చెల్లని ఓట్లే రెట్టింపు పైగా ఉన్నాయి. 2019లో రాజ్యాంగం సవరించి 2030 దాకా దారి వేసుకున్నారు. 2023 డిసెంబరులో 89.6 శాతం.

సరే, అభివృద్ధి? 2011 ముందు డాలరుకి ఆరు పౌన్ల లోపు. 2016లో పద్దెనిమిది దాకా పోయింది. 2024 మార్చిలో యాభైకి దగ్గరైంది. అంటే నెలజీతం మీద బతికేవాడి డబ్బు విలువ డాలర్లలో ఎనిమిదో వంతుకి పడిపోయింది. ఐఎమ్ఎఫ్ దగ్గర 2016లో 1,200 కోట్ల డాలర్లు, 2024లో ఉన్న అప్పుని 800 కోట్లకి పెంపు. అదే ఏడు మధ్యధరా తీరంలో రాస్ అల్ హిక్మాని అభివృద్ధి చేసుకోమని ఎమిరేట్స్‌కి ఇచ్చి 3,500 కోట్ల డాలర్ల ఒప్పందం. ఇంకోపక్క కైరోకి తూర్పున ఎడారిలో కొత్త రాజధాని, ఎత్తైన టవరు. ఆ రాజధాని కట్టే కంపెనీలో 51 శాతం వాటా ఎవరిది? సైన్యానిది. మింగ మెతుకు లేదు, మీసాలకి సంపెంగ నూనె.

ముబారక్ సంగతా? 846 ప్రాణాలకి 2012లో యావజ్జీవం వేశారు. మళ్ళీ విచారణ, 2017లో నిర్దోషి. 2020 ఫిబ్రవరిలో పోతే సైనిక లాంఛనాలతో సాగనంపారు. ఎన్నికైన ముర్సీ 2019 జూన్‌లో కోర్టు బోనులోనే కూలిపోయి చనిపోయాడు. అద్దెదారుకి ఒక మర్యాద, ఆక్రమణదారుకి ఒక మర్యాద.

మరి ఎక్కడా బాగుపడలేదా?

పడ్డారు. ఇండోనేసియా చూడండి. అదీ ముస్లిం మెజారిటీ దేశమే, అక్కడా సైన్యానిదే రాజ్యం. 32 ఏళ్ళు ఏలిన సుహార్తో 1998 మే 21న దిగాడు. తేడా ఎక్కడొచ్చిందంటే, వాళ్ళు అక్కడితో ఆగలేదు. 1999లో ఎన్నికలు పెట్టుకున్నారు, పోలీసుని సైన్యం నుంచి విడదీశారు, పార్లమెంటులో సైన్యానికున్న ఉచిత సీట్లని తగ్గించి 2004కల్లా సున్నా చేశారు. అయినా పని అయిపోలేదు. సుహార్తో మాజీ అల్లుడు ప్రబోవో 2024లో ఓట్లతోనే అధ్యక్షుడయ్యాడు, 2025లో సైనికాధికారులకి మరిన్ని పౌర పదవులిచ్చే సవరణ వచ్చింది, విద్యార్థులు మళ్ళీ రోడ్డెక్కారు. ట్యునీసియాలో 2011 తర్వాత కార్మిక సంఘం మధ్యవర్తిగా నిలబడి మంచి రాజ్యాంగం రాయించింది, దానికి నోబెల్ కూడా వచ్చింది. పదేళ్ళకి 2021లో ఎన్నికైన అధ్యక్షుడే పార్లమెంటుకి తాళం వేశాడు. నియంతని దించడం ఒక రిలీజు లాంటిది. మెయింటెనెన్సు జీవితాంతం ఉంటుంది.

"మనకైతే ఇలా కాదు" అని ఛాతీ విరుచుకునే తెలుగువాళ్ళకి ఒక పాత లెక్క గుర్తుచేస్తా. ఎమర్జెన్సీ తర్వాత 1977 ఎన్నికల్లో దేశంలో సగం ఇందిరాగాంధీని ఊడ్చేసింది, ఆవిడ స్వయంగా రాయబరేలీలో ఓడింది. ఆంధ్రప్రదేశ్‌లో? 42కి 41 కాంగ్రెస్‌వే. జనతాకి దక్కింది నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కడే. మనల్ని కాపాడింది మన రాజకీయ చైతన్యం కాదు. ఓడినావిడ కుర్చీ దిగేలా, ఓట్లు లెక్కపెట్టేవాడు లెక్కపెట్టేలా, సైన్యం బ్యారక్‌లోనే ఉండేలా అంతకుముందు కట్టుకున్న గోడలు. ఈజిప్టు జనానికి లేనిది తెలివి కాదు, ఆ గోడలు. వాటిని 1952 నుంచి ఒక్కొక్కటే పడగొట్టింది మీరు కోరుకునే ఆ గట్టి మనుషులే.

అందుకే ఈసారి ఎక్కడ నియంత కూలినా "ఎవరొచ్చారు?" అని అడగడం మానేసి ఇవి అడగండి: తుపాకులు ఎవరి మాట వింటున్నాయి? సైన్యం పద్దు ఎవరు చూస్తున్నారు? జడ్జీల్ని ఎవరు వేస్తున్నారు? మీకు నచ్చని పార్టీ గెలిస్తే దాన్ని మళ్ళీ ఓటుతోనే దించే వీలుందా? వీటికి జవాబులు మారకపోతే ఏమీ మారలేదు, టీవీలో ఎంతమంది డాన్సు చేసినా సరే. అప్పుడు వచ్చే కష్టాలకి రోడ్డెక్కిన జనాన్ని తిట్టకండి.

"ముబారక్ ఉంటేనే బాగుండేది" అనేవాళ్ళకి నా చివరి మాట. ముబారక్ వెళ్ళలేదండీ. ఆయన ఫొటో మార్చారంతే. నచ్చకపోతే తిట్టండి, కాకపోతే పైన లెక్కల్లో ఏది తప్పో చెప్పి తిట్టండి.